మారాల్సింది బ్యాటరీ.. మారుతున్నది ఫోను!

* అరిగేది ఒక్క భాగం.. భారం మొత్తం పరికరంపై
* సర్వీసు కేంద్రం దూరం.. నకిలీ సరకు చేరువ
* మరమ్మతు హక్కుపై కేంద్రం అడుగులు.. అమలుకు ఎదురుచూపులు

తిరుపతి: సైకిలు టైరు అరిగితే సైకిలును పాత ఇనుప సామాన్ల కొట్టులో వేసే వారుండరు. ఇన్వర్టరు బ్యాటరీ పాడైతే బ్యాటరీని మారుస్తారే తప్ప ఇన్వర్టరును పారేయరు. సెల్‌ఫోను, ట్యాబ్‌ల విషయానికి వచ్చేసరికి ఈ లెక్క తారుమారవుతోంది. తెర చక్కగా పనిచేస్తుంది. కెమెరాకు వంక పెట్టడానికి లేదు. మాట స్పష్టంగా వినిపిస్తుంది. చార్జింగు మాత్రం మధ్యాహ్నానికే అయిపోతుంది. నలభై శాతం ఉందని చూపిన ఫోను ఒక్కసారిగా ఆగిపోతుంది. మరమ్మతుకు తీసుకెళితే ‘దీనికి పెట్టే ఖర్చుకు ఇంకొంచెం కలిపి కొత్తది కొనుక్కోండి’ అన్న సలహా ఎదురవుతుంది. అరిగింది ఒక్క బ్యాటరీ. మారుతున్నది మొత్తం ఫోను.

పింఛను సమాచారం నుంచి పిల్లల చదువు వరకు, పాల డబ్బుల జమ నుంచి పంట బీమా వరకు అన్నీ చేతిలోని ఫోనుతో ముడిపడిన కాలమిది. బ్యాటరీ సమస్యను చిన్నపాటి అసౌకర్యంగా కొట్టిపారేసే వీలు లేదు. ఇది కుటుంబ ఖర్చుకు, వినియోగదారుడి భద్రతకు, పర్యావరణానికి సంబంధించిన అంశం. బ్యాటరీ అరుగుదల అనివార్యం. దానిని మార్చుకోవడం కష్టం కావడం మాత్రం అనివార్యం కాదు. అది తయారీ పద్ధతుల వల్ల, విడిభాగాల సరఫరా లోపం వల్ల, నిబంధనల లేమి వల్ల తలెత్తిన పరిస్థితి.

గోటితో తీసిన కాలం

2007 ఆగస్టులో నోకియా సంస్థ చేసిన ఒక ప్రకటన దేశమంతటా కలకలం రేపింది. ఆనాడు లక్షలాది చేతుల్లో ఉన్న బీఎల్-5సీ రకం బ్యాటరీల్లో కొన్ని చార్జింగు సమయంలో అతిగా వేడెక్కే అవకాశం ఉందన్నది దాని సారాంశం. జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థ 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య తయారు చేసిన సుమారు 4.6 కోట్ల బ్యాటరీలు ఈ పరిధిలోకి వచ్చాయి. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా వెలుగుచూసిన ఘటనలు వంద వరకు ఉన్నాయి.

అంత పెద్ద సమస్యకు పరిష్కారం మాత్రం సులువుగానే దొరికింది. వినియోగదారులు ఫోను వెనక మూతను గోటితో తెరిచారు. బ్యాటరీని బయటికి తీసి దానిపై ఉన్న సంఖ్యను సరిచూసుకున్నారు. లోపమున్న శ్రేణికి చెందినదని తేలితే బ్యాటరీ ఒక్కటే మారింది. ఫోను యజమాని జేబులోనే ఉంది.

తొమ్మిదేళ్ల తర్వాత పరిస్థితి వేరు. 2016లో శాంసంగ్ విడుదల చేసిన గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కొన్ని దేశాల్లో కాలిపోయాయి. బ్యాటరీ లోపలే బిగించి ఉండటంతో దానిని విడిగా మార్చి ఇచ్చే వీలు లేకపోయింది. తొలుత సుమారు 25 లక్షల ఫోన్లను సంస్థ వెనక్కి రప్పించింది. మార్చి ఇచ్చిన వాటిలోనూ అదే సమస్య తలెత్తడంతో అక్టోబరులో తయారీనే నిలిపివేసింది. బ్యాటరీల్లోని లోపాలే కారణమని 2017 జనవరిలో సంస్థే వెల్లడించింది. మన దేశంలో ఆ ఫోన్ల విక్రయం మొదలు కాకపోయినా, విమానాల్లో వాటిని వాడవద్దని పౌర విమానయాన డైరెక్టరేట్ 2016 సెప్టెంబరులో హెచ్చరించింది.

ఈ రెండు ఘటనల మధ్య తేడా గమనార్హం. మొదటిసారి లోపం బ్యాటరీకే పరిమితమైంది. రెండోసారి అదే లోపం మొత్తం ఫోనును బలి తీసుకుంది.

ఫోనును పలుచగా చేయడానికి, నీరు, దుమ్ము లోపలికి చేరకుండా చూడటానికి బ్యాటరీని జిగురుతో అతికించి మూసివేయక తప్పదని తయారీదారులు చెబుతుంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉన్నా పూర్తి నిజం లేదు. 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5 ఫోనులో వెనక మూత తీసి బ్యాటరీని మార్చుకునే వీలుంది. నీటిలో పడినా కొంతసేపు తట్టుకునే రక్షణ కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ఎస్6తో ఆ సంస్థ కూడా మూసిన బ్యాటరీల బాట పట్టింది. 2007లో తొలి ఐఫోనుతోనే యాపిల్ ఆ పద్ధతిని అనుసరించింది. క్రమంగా మార్కెట్ అంతా అటే మళ్లింది.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది?

ఫోన్లలో, ట్యాబ్‌లలో ఉండేవి లిథియం అయాన్ బ్యాటరీలు. 1991లో సోనీ సంస్థ వీటిని తొలిసారి వాణిజ్యపరంగా విడుదల చేసింది. వీటి రూపకల్పనకు బాటలు వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

చార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక ధ్రువం నుంచి రెండో ధ్రువంలోని గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోను వాడుతున్నప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. ఈ రాకపోకల్లో కొంత లిథియం గ్రాఫైట్ పైన ఏర్పడే సన్నని పొరలో చిక్కుకుపోతుంది. అలా చిక్కిన లిథియం మళ్లీ పనికి రాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర మందమవుతుంది. నిల్వ సామర్థ్యం తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడో ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు అవసరమైతే అరిగిన బ్యాటరీ అందించలేదు. చార్జింగు మిగిలి ఉండగానే ఫోను ఆగిపోవడానికి కారణం ఇదే.

బ్యాటరీ వయసును చార్జింగు చక్రాల్లో లెక్కిస్తారు. నూరు శాతం సామర్థ్యం ఖర్చయితే ఒక చక్రం. నేడు సగం, రేపు సగం వాడినా రెండు రోజులకు కలిపి ఒక చక్రమే. ఐఫోను 14, అంతకు ముందు వచ్చిన నమూనాల బ్యాటరీలు ఆదర్శ పరిస్థితుల్లో 500 చక్రాల తర్వాత 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకొనేలా, ఐఫోను 15 నుంచి 1,000 చక్రాల వరకు నిలుపుకొనేలా రూపొందించినట్లు యాపిల్ పేర్కొంటోంది. రోజుకు ఒక చక్రం చొప్పున వాడితే 500 చక్రాలు ఏడాదీ నాలుగున్నర నెలల్లో పూర్తవుతాయి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ 80 శాతానికి దిగితే మిగిలేది 4,000 ఎంఏహెచ్. వాయిదాల్లో ఫోను కొన్నవారికి చివరి వాయిదా కట్టేనాటికే అరుగుదల అనుభవంలోకి రావచ్చు.

ఎండ తోడైతే..

అరుగుదలను వేగవంతం చేసే ప్రధాన శత్రువు వేడి. పరిసరాల్లో 35 డిగ్రీలు దాటిన ఉష్ణోగ్రత బ్యాటరీ సామర్థ్యాన్ని శాశ్వతంగా దెబ్బతీయగలదని తయారీదారులే హెచ్చరిస్తున్నారు. వేసవిలో తిరుపతి, శ్రీకాళహస్తి పరిసరాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇంట్లో, ఎండలో నిలిపిన ఆటోలో, ద్విచక్ర వాహనం ముందు బిగించిన ఫోను ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. ఆ వేడిలోనే చార్జింగు పెట్టి, దారి చూపే యాప్‌ను గంటల తరబడి నడిపే డెలివరీ సిబ్బంది, ఆటో డ్రైవర్ల ఫోన్లలో బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. ఉపాధికి ఫోనే ఆధారమైన వారిపైనే ఈ భారం ముందుగా పడుతోంది.

కొన్ని జాగ్రత్తలతో బ్యాటరీ ఆయుష్షును పొడిగించవచ్చు. ఎండలో, పరుపుపై, దిండు కింద ఫోను ఉంచి చార్జింగు పెట్టకూడదు. రోజూ సున్నాకు దించడం, రాత్రంతా నూరు శాతం వద్ద ఉంచడం కంటే 20, 80 శాతాల మధ్య వాడుకోవడం మేలు. చాలా ఫోన్లలో 80 శాతం వద్ద చార్జింగును నిలిపే సదుపాయం ఇప్పుడు ఉంది. ఎంత జాగ్రత్త పడినా అరుగుదల ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. ఏదో ఒక రోజు బ్యాటరీ మార్చక తప్పదు.

వినియోగదారుడి ముందు మూడు దారులు

ఆ రోజు వచ్చినప్పుడు పల్లె వినియోగదారుడి ముందు మూడు దారులుంటాయి. మూడింటిలోనూ ముళ్లున్నాయి.

మొదటిది కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం. అక్కడ అసలైన బ్యాటరీ, శిక్షణ పొందిన సిబ్బంది, రశీదు ఉంటాయి. అయితే ఈ కేంద్రాలు ఎక్కువగా నగరాల్లో, జిల్లా కేంద్రాల్లోనే ఉంటాయి. సత్యవేడు, వెంకటగిరి వైపు పల్లెల నుంచి తిరుపతికి రావాలంటే బస్సు చార్జీలతో పాటు ఒక రోజు కూలి వదులుకోవాలి. విడిభాగం అందుబాటులో లేకపోతే రెండో ప్రయాణం తప్పదు. నాలుగైదేళ్ల నాటి నమూనా అయితే బ్యాటరీ దొరుకుతుందన్న భరోసా లేదు.

రెండోది మండల కేంద్రంలోని మరమ్మతు దుకాణం. గంటలో పని పూర్తవుతుంది, ఖర్చూ తక్కువే. నైపుణ్యం ఉన్న మరమ్మతుదారులకు ఇక్కడ కొదవ లేదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల చేయి తిరిగిన పనివారు మూతపడిన ఫోనుకు మళ్లీ ప్రాణం పోయడం అందరికీ తెలిసిన విషయమే. లోటు నైపుణ్యంలో లేదు, సరకులో ఉంది. స్వతంత్ర మరమ్మతుదారుడికి అసలైన బ్యాటరీలు సూటిగా అందే ఏర్పాటు చాలా కంపెనీలకు లేదు. టోకు మార్కెట్ నుంచి వచ్చిన సరకులో ఏది అసలో, ఏది నకిలీయో అతనికే తెలియని పరిస్థితి. కొన్ని ఫోన్లలో బయటి బ్యాటరీ వేస్తే అది అసలైనదో కాదో తెలియదన్న హెచ్చరిక తెరపై కనిపిస్తుంది. బ్యాటరీ ఆరోగ్యాన్ని తెలిపే సమాచారం కనిపించకుండా పోతుంది. చక్కగా పనిచేసినా వినియోగదారుడికి అనుమానం మిగులుతుంది.

మూడోది కొత్త ఫోను కొనడం. బ్యాటరీ అయ్యే ఖర్చుకు పదింతలు పెట్టాల్సి వచ్చినా, మొదటి రెండు దారుల్లోని చిక్కులు చూసి చాలామంది ఇటే మొగ్గుతున్నారు. పాత ఫోను బీరువా అరలోకో, గుప్పెడు రూపాయలకు పాత సామాన్ల వ్యాపారికో చేరుతోంది.

బడి ట్యాబ్‌ల మాటేమిటి?

ఈ సమస్య ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల ఇళ్లనూ తాకుతోంది. రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీని ప్రారంభించింది. ఉపాధ్యాయులతో కలిపి 5,18,740 ట్యాబ్‌లు అందజేస్తున్నట్లు ప్రకటించింది. 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. తొలి విడత పొందిన విద్యార్థులు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. ఆ ట్యాబ్‌లకు 2025 డిసెంబరుతో మూడేళ్లు నిండాయి.

మూడేళ్లంటే లిథియం బ్యాటరీకి నడివయసు దాటినట్లే. ఎక్కువగా వాడిన ట్యాబ్‌కు చార్జింగు చక్రాల అరుగుదల ఉంటుంది. అసలు వాడకుండా పక్కన పడేసిన ట్యాబ్‌కు మరో ముప్పు ఉంది. చార్జింగు పూర్తిగా అయిపోయిన స్థితిలో నెలల తరబడి ఉంచితే బ్యాటరీ వోల్టేజి ప్రమాదకర స్థాయికి పడిపోతుంది. రక్షణ వలయం దానిని మళ్లీ చార్జ్ కానివ్వదు. వేసవి సెలవుల్లో పెట్టెలో పెట్టిన ట్యాబ్ బడి తెరిచేనాటికి మొండికేయడానికి తరచుగా ఇదే కారణం. సగం చార్జింగుతో, చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ సగానికి చార్జ్ చేస్తే ఈ నష్టాన్ని తప్పించవచ్చు.

ప్రజాధనంతో కొన్న పరికరం ఎంతకాలం పనిచేయాలన్నది కొనుగోలు నాడే తేల్చాల్సిన విషయం. టెండరు పత్రాల్లో తెర పరిమాణం, జ్ఞాపకశక్తి వంటి అంశాలకు ఎంత ప్రాధాన్యం ఉంటుందో, నాలుగో ఏట బ్యాటరీ ఎవరు మార్చాలి, ఎంత ధరకు మార్చాలి అన్న షరతుకూ అంత ప్రాధాన్యం ఉండాలి. అంగన్‌వాడీ, ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే ఫోన్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బ్యాటరీ నిలవని ఫోనుతో వివరాల నమోదు ఆలస్యమైతే మాట పడేది కింది స్థాయి సిబ్బందే.

అసలుకూ నకిలీకీ తేడా

నకిలీ బ్యాటరీ ప్రమాదం తక్కువ మన్నికతో ఆగదు. ధ్రువాల మధ్య ఉండే పలుచని పొర నాసిరకంగా ఉన్నా, అధిక చార్జింగును అడ్డుకునే రక్షణ వలయం లేకపోయినా లోపల షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. అక్కడ పుట్టిన వేడి మరింత రసాయన చర్యకు, ఆ చర్య మరింత వేడికి దారితీస్తుంది. నిమిషాల్లో మంటలు లేస్తాయి.

మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ఐఎస్ 16046 ప్రమాణం వీటికి వర్తిస్తుంది. బ్యాటరీపై ఆ సంస్థ ముద్రతో పాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నమోదు సంఖ్య ఉండాలి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేసి తయారీదారు వివరాలను సరిచూసుకోవచ్చు.

కొలతలు అవే ఉండి, అసలు బ్యాటరీ కంటే మరీ ఎక్కువ ఎంఏహెచ్ ముద్రించి ఉంటే అనుమానించాలి. ఆ పరిమాణంలో అంత శక్తి పట్టదు. తయారీ తేదీని కూడా చూడాలి. వాడకపోయినా బ్యాటరీ వయసు పెరుగుతూనే ఉంటుంది. నాలుగేళ్లు గోదాములో ఉన్న సరకును ‘కొత్తది’ అని అమ్మినా అందులో సత్తువ తగ్గే ఉంటుంది.

బిగించే పద్ధతిపైనా కన్నేసి ఉంచాలి. విప్పే ముందు చార్జింగును పాతిక శాతానికి తగ్గించి, ఫోనును ఆపివేయాలి. జిగురును మెల్లగా వేడిచేసి వదులు చేయాలి. పదునైన లోహపు పనిముట్టుతో బ్యాటరీని పెకలిస్తే దానికి చిల్లు పడి మంటలు రావచ్చు. పని ముగిశాక మూతను కొత్త జిగురుతో అతికించినా నీటిని తట్టుకునే గుణం మునుపటిలా ఉంటుందని నమ్మకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రశీదు. అమ్మిన వస్తువుకు, చేసిన సేవకు రశీదు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం-2019 అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తోంది. బ్యాటరీ రకం, తేదీ, హామీ గడువు రాసిన రశీదు చేతిలో ఉంటేనే రేపు ప్రశ్నించే హక్కు నిలుస్తుంది.

ధర ఎవరి చేతిలో?

బ్యాటరీ మార్పిడి ధర తయారీ ఖర్చును బట్టే ఉంటుందనుకోవడం పొరపాటు. అందుకు 2017 నాటి ఐఫోన్ల వివాదమే నిదర్శనం. అరిగిన బ్యాటరీ ఉన్న కొన్ని ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నట్లు ఆ ఏడాది డిసెంబరులో యాపిల్ అంగీకరించింది. ఫోను అకస్మాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామని వివరించింది. ముందుగా చెప్పకపోవడంపై వినియోగదారులు భగ్గుమన్నారు. దాంతో సంస్థ క్షమాపణ చెప్పి, హామీ గడువు దాటిన ఫోన్లకు బ్యాటరీ మార్పిడి ధరను అమెరికాలో 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. మన దేశంలో రూ.6,500 ఉన్న ధర పన్నులు కాక రూ.2,000కు దిగింది. అవే బ్యాటరీలు, అవే సర్వీసు కేంద్రాలు. మారింది సంస్థ నిర్ణయం ఒక్కటే. ముందుగా సమాచారం ఇవ్వనందుకు 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ఆ సంస్థకు 2.5 కోట్ల యూరోల జరిమానా విధించింది.

తమ ఫోను మందగించడానికి పాత బ్యాటరీ కారణమని తెలియక కొత్తది కొన్నవారు ఎందరో ఉండవచ్చు. బ్యాటరీ స్థితిని వినియోగదారుడికి చూపడం కూడా మరమ్మతు హక్కులో భాగమేనని ఈ ఉదంతం చాటింది.

ఐరోపా బాట

ఐరోపా సమాఖ్య ఈ విషయంలో ముందడుగు వేసింది. ఫోన్లు, ట్యాబ్‌లపై కొత్త నిబంధనలు 2025 జూన్ 20 నుంచి అక్కడ అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం బ్యాటరీ కనీసం 800 చక్రాల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకోవాలి. ఒక నమూనా అమ్మకాలు ఆగిపోయాక ఏడేళ్ల వరకు కీలక విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. అడిగిన 5 నుంచి 10 పని దినాల్లో వాటిని సరఫరా చేయాలి. ఇవి గాక, చేతి పరికరాల్లోని బ్యాటరీలను వినియోగదారుడే సాధారణ పనిముట్లతో తీసి మార్చుకునేలా ఉండాలన్న బ్యాటరీ చట్టంలోని నిబంధనకు 2027 ఫిబ్రవరి 18ని గడువుగా నిర్ణయించారు. ఎక్కువకాలం మన్నే, నీటిని తట్టుకునే పరికరాలకు కొన్ని మినహాయింపులు ఉన్నా దిశ మాత్రం స్పష్టం. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచే ఫోన్లపై మరమ్మతు సూచిని ముద్రించడం తప్పనిసరి చేసింది. ఏ ఫోను బాగుచేయడానికి ఎంత అనువో కొనేముందే అక్కడి వినియోగదారుడికి తెలుస్తుంది.

ఇక్కడ అడుగులు.. అక్కడే ఆగకూడదు

మన దేశంలోనూ కదలిక ఉంది. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ మొదలైంది. మరమ్మతు సూచిపై ఏర్పాటైన మరో కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. విప్పడంలో సౌలభ్యం, విడిభాగాల లభ్యత, మరమ్మతు సమాచారం, సాఫ్ట్‌వేర్ నవీకరణ వంటి కొలమానాలతో కంపెనీలు తమ ఉత్పత్తులకు తామే మార్కులు వేసి ప్రకటించాలని అందులో సిఫారసు చేసింది. ముందుగా దృష్టి పెట్టాల్సిన భాగాల్లో బ్యాటరీని చేర్చడం హర్షణీయం. ఈ సిఫారసులు తప్పనిసరి నిబంధనలుగా మారి, మండల కేంద్రంలోని దుకాణం దాకా విడిభాగం చేరినప్పుడే సామాన్యుడికి ఫలితం దక్కుతుంది.

తిరుపతి జిల్లాకు ఈ రంగంతో సంబంధం కొత్తది కాదు. కరకంబాడి సీసపు బ్యాటరీల తయారీకి దశాబ్దాలుగా పేరుపడింది. 2015లో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షియోమీ ఫోన్ల కూర్పు మొదలైంది. ఫోన్లలో వాడే లిథియం సెల్‌ల తయారీకి చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ రూ.165 కోట్లతో తిరుపతిలోని ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయంలో నెలకొల్పిన కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తిని ప్రారంభించారు. రోజుకు 20 వేల సెల్‌లు తయారుచేయగల సామర్థ్యం దానిదని కేంద్రం అప్పట్లో ప్రకటించింది. సెల్ తయారీకి, ఫోను కూర్పుకు వేదికైన జిల్లాలో అసలైన బ్యాటరీ కోసం వినియోగదారుడు వెతుక్కోవాల్సి రావడం విచిత్రమే.

ఉబ్బితే ఉపేక్షించవద్దు

ఫోను వెనక మూత లేస్తున్నా, తెర అంచు పైకి వస్తున్నా, బల్లపై పెట్టిన ట్యాబ్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని గ్రహించాలి. లోపలి ద్రావకం విచ్ఛిన్నమై వాయువులు పుట్టడమే దీనికి కారణం. అలాంటి పరికరాన్ని వెంటనే ఆపివేసి, చార్జింగు పెట్టకుండా, మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచాలి. నొక్కడం, సూదితో గుచ్చి గాలి తీయాలని చూడటం ప్రాణాంతకం. పిల్లల చేతికి అందనీయకూడదు. మంట లేస్తే ముందుగా విద్యుత్తు సరఫరా నిలిపివేయాలి. ఆ తర్వాత ధారాళంగా నీరు పోసి చల్లార్చాలి. పొగ పీల్చకుండా దూరం జరగాలి.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయడం మరో పొరపాటు. చెత్త బండిలో నలిగితే అది నిప్పు రాజేస్తుంది. 2001 నాటి పాత నిబంధనలు సీసపు బ్యాటరీలకే పరిమితం కాగా, 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు అన్ని రకాలకూ వర్తిస్తున్నాయి. అమ్మిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత ఉత్పత్తిదారుదే. చేతి పరికరాల బ్యాటరీల నుంచి 2026-27 నాటికి 90 శాతం పదార్థాలను తిరిగి రాబట్టాలన్నది లక్ష్యం. ఇతర చెత్తతో కలపకుండా వాటిని సేకరణదారుకు అప్పగించడం వినియోగదారుడి బాధ్యత. అందుకు ఊళ్లో సేకరణ పెట్టె ఉండాలి కదా!

జిల్లాలోనే చేయదగినవి

ఢిల్లీ నుంచి నిబంధనలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. పురపాలక సంఘాలు తడి, పొడి చెత్తతో పాటు బ్యాటరీలకు ప్రత్యేక పెట్టెలను ప్రతి వార్డులో, బడిలో ఏర్పాటు చేయవచ్చు. పారిశ్రామిక శిక్షణ సంస్థల ద్వారా మరమ్మతుదారులకు బ్యాటరీ భద్రతపై స్వల్పకాలిక శిక్షణ ఇప్పించవచ్చు. నమోదు సంఖ్య లేని సరకు అమ్మకాలపై అధికారులు నిఘా పెంచాలి. దాడులు చిల్లర దుకాణానికే పరిమితం కాకుండా టోకు సరఫరాదారు వరకు వెళ్లాలి. బడి ట్యాబ్‌ల బ్యాటరీల పరిశీలనకు విద్యాశాఖ సెలవుల ముందు, తర్వాత ఒక్కో రోజు కేటాయించినా వేల పరికరాలు మూలన పడకుండా ఉంటాయి.

వినియోగదారులూ మౌనం వీడాలి. ఫోను కొనేముందు తెర, కెమెరాలతో పాటు ‘బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది? ఎన్నేళ్లు దొరుకుతుంది?’ అని అడగాలి. హామీ పత్రంలో బ్యాటరీకి వేరే గడువు ఉందేమో చదవాలి. నకిలీ అంటగట్టినా, హామీని నిరాకరించినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను రెండేళ్లలోపు ఆశ్రయించవచ్చు. రూ.5 లక్షల లోపు విలువైన కేసులకు రుసుము కూడా లేదు.

2007లో గోటితో మూత తీసిన చేతులే ఇప్పుడు అరిగిన బ్యాటరీ ముందు నిస్సహాయంగా ఆగిపోతున్నాయి. సాంకేతికత ఇంత ఎదిగాక ఆనాటి చిన్న సౌకర్యం అందరాని కోరికగా మారడం తగదు. అరిగే భాగాన్ని మార్చుకునేలా తయారుచేయడం కంపెనీల కర్తవ్యం. అలా చేయించడం ప్రభుత్వ బాధ్యత. అడిగి సాధించుకోవడం వినియోగదారుడి హక్కు.